దీపం ఎవరి పేరున?
కంపెనీల దానం, ఊరి వెలుగు, మహిళా సంఘాలు: కొంత చరిత్ర, కొంత లెక్క

ఈ సంపుటిలో పొదుపు లెక్కలు, అప్పుల వసూలు, ఆడిట్ నివేదికలతో పాటు ఒక చరిత్ర వ్యాసం వేసుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కంపెనీల విరాళాల గురించి రాస్తున్నాం. కారణం అందరికీ తెలిసిందే. ఈమధ్య గ్రామ సంఘం సమావేశాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది, సీఎస్సార్. ఫలానా కంపెనీవాళ్ళు వీధికి సోలార్ దీపాలు ఇస్తారట, ఫలానా ఫౌండేషన్ వాళ్ళు మంచినీళ్ళ ప్లాంటు పెడతారట, పొగరాని పొయ్యిలు పంచుతారట అని అక్కచెల్లెళ్ళు చెప్పుకుంటున్నారు. వచ్చేదాన్ని వద్దనమని ఎవరూ అనరు. అయితే ఇచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక అది నిలుస్తుందా, నిలవాలంటే మనం ముందే ఏం అడగాలి అన్నది తెలుసుకోవాలి. అందుకు వెనక్కి తిరిగి చూడటం ఒక్కటే దారి.

ధర్మం నుంచి చట్టం దాకా

మన దేశంలో వ్యాపారస్తులు ఊరికి మేలు చేయడం కొత్త సంగతి కాదు. సత్రాలు, చలివేంద్రాలు, బావులు, బడులు వ్యాపారుల సొమ్ముతో వెలిసినవి ఊరూరా ఉన్నాయి. దాన్ని పద్ధతి ప్రకారం నడిపే సంస్థగా మార్చినవాళ్ళలో టాటాలు ముందుంటారు. 1892లో జంషెడ్‌జీ టాటా పై చదువుల కోసం ఒక నిధి పెట్టారు. తర్వాత 1919లో సర్ రతన్ టాటా ట్రస్టు, 1932లో సర్ దోరాబ్జీ టాటా ట్రస్టు వచ్చాయి. ధనవంతుడు తన ఆస్తికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే అని గాంధీజీ చెప్పిన మాట కూడా ఆ కాలంలోదే.

ఇదంతా ఇష్టం మీద నడిచింది. ఇచ్చేవాళ్ళు ఇచ్చారు, ఇవ్వనివాళ్ళు ఇవ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ రంగంలో పెద్ద పెద్ద విద్యుత్ కేంద్రాలు, బొగ్గు గనులు, చమురు సంస్థలు పుట్టాయి. రామగుండంలో ఎన్‌టీపీసీ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి కేంద్రాలు దేశమంతటికీ కరెంటు పంపాయి. భూములిచ్చిన పక్క ఊళ్ళకు మాత్రం దుమ్మూ బూడిదా ముందొచ్చి, వెలుగు తర్వాత వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. దీపం కింద చీకటి అన్న సామెత అక్కడ కళ్ళకు కట్టినట్టు కనబడేది. ఆ చీకటికి సమాధానంగానే ఆ సంస్థలు బడి, ఆసుపత్రి, రోడ్డు అంటూ చుట్టుపక్కల ఊళ్ళలో పనులు మొదలుపెట్టాయి.

ఇష్టం పోయి చట్టం వచ్చింది 2013లో. ఆ ఏడాది వచ్చిన కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ ఏదైనా, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. మన భాషలో చెప్పాలంటే, ఏడాదికి సగటున 10 కోట్లు లాభం వచ్చే కంపెనీ 20 లక్షలు తీయాలి. దేనికి ఖర్చు పెట్టవచ్చో ఏడో షెడ్యూలులో రాశారు. పేదరిక నిర్మూలన, ఆరోగ్యం, చదువు, మహిళల సాధికారత, పర్యావరణం, గ్రామాభివృద్ధి అన్నీ అందులో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెప్పింది. దాంతో ఫ్యాక్టరీలు ఎక్కువున్న రాష్ట్రాలకు సొమ్ము ఎక్కువ వెళ్తోంది, పరిశ్రమలు లేని ఏజెన్సీ మండలాలకు తక్కువ చేరుతోంది.

అంటే ఈ డబ్బు మనకు భిక్షగా వచ్చేది కాదు. చట్టం ప్రకారం కంపెనీ తీయక తప్పని సొమ్ము. ఈ ఒక్క సంగతి తెలిస్తే మనం మాట్లాడే గొంతు మారుతుంది.

సిరిసిల్ల నేర్పిన పాఠం

ఊరికి కరెంటు రావడం అనే కథలో మన తెలుగునేల మీద ఒక గొప్ప ఘట్టం ఉంది. 1960ల చివర అమెరికా సాయంతో, అక్కడి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల సలహాతో, మన దేశంలో ప్రయోగాత్మకంగా ఐదు చోట్ల విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ముళా ప్రవరా, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని అక్కడివాళ్ళు సెస్ అంటారు. 1970 నుంచి పనిచేస్తోంది. కరెంటు వాడుకునేవాళ్ళే అందులో సభ్యులు. పాలకవర్గాన్ని వాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు.

ఆ ఐదింటిలో కొన్ని మూతపడ్డాయి. సిరిసిల్ల మాత్రం మరమగ్గాలకూ మోటార్లకూ ఇళ్ళకూ కరెంటు ఇస్తూ యాభై ఏళ్ళు దాటి నడుస్తోంది. దాని మీద విమర్శలూ వచ్చాయి, బకాయిలూ పేరుకున్నాయి, రాజకీయాలూ చొరబడ్డాయి. అయినా నిలిచింది. సాయం బయటనుంచి వచ్చినా, సంస్థ సభ్యుల చేతిలో ఉంది. బిల్లు కట్టే మనిషికి ఓటు కూడా ఉంది. మన గ్రామ సంఘం నడిచేది కూడా ఇదే సూత్రం మీద కదా.

గ్యాస్ పొయ్యి వచ్చింది, సిలిండర్ సంగతేంటి?

మన సంఘాల చరిత్రలో ఇంధనం అంటే ముందు గుర్తొచ్చేది దీపం పథకం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాల మహిళల పేరున గ్యాస్ కనెక్షన్ ఇచ్చారు. డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది. పొయ్యి, గ్యాస్ ఖర్చు కుటుంబానిది. ఇంటి వస్తువుల్లో ఆడమనిషి పేరున కాగితం పుట్టిన మొదటి వస్తువు చాలా ఇళ్ళలో ఆ గ్యాస్ బండే.

తర్వాత వచ్చిన చిక్కు కూడా మనకు తెలుసు. ఒకేసారి సిలిండర్ డబ్బు తీసి కట్టడం కూలి ఇళ్ళకు కష్టమైంది. కట్టెలు ఉత్తినే దొరుకుతుంటే బండను మూలకు పెట్టి, చుట్టాలొచ్చినప్పుడూ ముసురు పట్టినప్పుడూ మాత్రమే వెలిగించారు. కనెక్షన్ల లెక్క పెరిగింది, పొగ తగ్గడం మాత్రం ఆ లెక్కతో పాటు సాగలేదు.

ఇందులో కంపెనీల సొమ్ము పాత్ర కూడా ఉంది. ఉజ్వల పథకం 2016 మే 1న మొదలయ్యేదానికి కొన్నేళ్ళ ముందే, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం, ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, గెయిల్ తమ సామాజిక బాధ్యత సొమ్ములో 20 శాతం తీసి పేద కుటుంబాల కనెక్షన్ల డిపాజిట్టు భరించాయి. తర్వాత ప్రభుత్వమే ఆ భారం ఎత్తుకుంది. అక్కడా అదే ప్రశ్న మిగిలింది. కనెక్షన్ ఒకసారి ఇచ్చేది, సిలిండర్ నెల నెలా కావలసింది. ఒకసారి ఇచ్చే దానానికి దాతలు దొరుకుతారు. నెల నెలా అయ్యే ఖర్చుకు దొరకరు. ఏనుగును ఇచ్చినవాడు అంకుశం ఇవ్వలేదన్నట్టు ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లతో దీపం-2 తెచ్చినా, తెలంగాణ 500 రూపాయలకు సిలిండర్ ఇచ్చినా, అవి ఈ రెండో ప్రశ్నకు పాతికేళ్ళ తర్వాత వచ్చిన జవాబులే.

దాత పడిపోతే?

2001లో సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబం బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. గోదావరి, కృష్ణా జిల్లాల ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు, ఆరోగ్య కేంద్రాలు నడిపింది. ఊరివాళ్ళు కూడా ఖర్చులో భాగం పెట్టుకుని, నీళ్ళకు కొద్దిపాటి ధర కట్టి తీసుకెళ్ళే పద్ధతి అది. అదే అధినేత చొరవతో 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఈ సేవను వాడుకోని ఊరు మన దగ్గర లేదు.

2009 జనవరి 7న ఆ అధినేత కంపెనీ లెక్కలు తప్పుగా చూపించామని ఉత్తరం రాశారు. కంపెనీ కుప్పకూలింది. ఫౌండేషన్ పనులు కుదించుకుపోయాయి. 108 మాత్రం ఆగలేదు. నడిపే ఖర్చులో చాలా భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి, జీవీకే సంస్థ నిర్వహణ చేతికి తీసుకోగానే బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

దీన్ని ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. ఫౌండేషన్ సొమ్ము కంపెనీ లాభం నుంచి వస్తుంది. లాభం ఎండితే దానం ఎండుతుంది. ఊరి అవసరం మాత్రం ఎండదు. రెండో ఊత లేకుండా ఒక్క దాత మీదే నిలబెట్టిన పని, ఆ దాతతోనే పడిపోతుంది.

లెక్కలో ఉన్నది, ఊళ్ళో లేనిది

2014లో బడుల్లో మరుగుదొడ్ల కోసం స్వచ్ఛ విద్యాలయ అభియాన్ వచ్చింది. ప్రభుత్వ రంగ కంపెనీలు, అందులో ముఖ్యంగా విద్యుత్, బొగ్గు, చమురు సంస్థలు, సామాజిక బాధ్యత సొమ్ముతో దేశమంతా లక్షకు పైగా మరుగుదొడ్లు కట్టించాయి. ఆడపిల్లలు బడి మానకుండా ఉండాలంటే ఇది అత్యవసరమని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

తర్వాత కాగ్ అధికారులు కొన్ని బడులకు వెళ్ళి చూశారు. ఆ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. చూసిన మరుగుదొడ్లలో 72 శాతానికి లోపల నీటి వసతి లేదు. 55 శాతంలో చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. గోడ ఉంది, తలుపు ఉంది, కంపెనీ వార్షిక నివేదికలో ఫొటో ఉంది. నీళ్ళు లేవు. మరుగుదొడ్డికి బక్కెట నీళ్ళు ఎవరు మోస్తారని ఆ ఊరి తల్లుల్ని ముందే అడిగి ఉంటే, మొదటి రోజే ఈ సంగతి తేలిపోయేది.

వెలుగు విషయంలోనూ ఇలాంటివి ఉన్నాయి. బీహార్‌లో జెహానాబాద్ జిల్లా ధర్నాయ్ అనే ఊరికి 2014 జులైలో ఒక పర్యావరణ సంస్థ చొరవతో 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టారు. అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. కొద్ది కాలానికే మామూలు కరెంటు తీగలు వచ్చాయి, అది చౌక. సోలార్ బ్యాటరీలు పాడయ్యాయి. చివరికి ఆ ఆవరణలో పశువుల్ని కట్టేస్తున్నారని అవే పత్రికలు రాశాయి. ఇది కంపెనీ దానం కాకపోయినా పాఠం ఒకటే. బల్బు వెలిగిన రోజు అందరూ వస్తారు. బ్యాటరీ చచ్చిన రోజు ఎవరూ రారు.

షెల్ చమురు కంపెనీ 2000లో పెట్టిన ఫౌండేషన్ పొగరాని పొయ్యిల మీద, పల్లెల్లో ఇంధనం మీద చాలా సొమ్ము పెట్టింది. తొలి ఏళ్ళలో ఇచ్చిన గ్రాంట్లలో ఎక్కువ భాగం నిలవలేదని ఆ సంస్థే తన నివేదికలో రాసుకుంది. ఉత్తినే పంచడం మానేసి, అమ్మి, బాగుచేసి, తిరిగి అమ్మగలిగే స్థానిక వ్యాపారాలకు అండగా నిలవడం మేలని ఆ తర్వాత దారి మార్చుకుంది.

ఆడవాళ్ళ చేతికి వచ్చిన చోట

ఇంకో వైపు కథ కూడా చెప్పుకోవాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ 1972 నుంచి ఉంది. పెద్దగా చదువు లేని పల్లె ఆడవాళ్ళకు అక్కడ సోలార్ పరికరాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. ఊళ్ళో కమిటీ వేసి, కిరోసిన్‌కూ టార్చి బ్యాటరీలకూ పెట్టే ఖర్చంత ప్రతి ఇంటి నుంచి నెల నెలా తీసుకుని మరమ్మతులకు వాడతారు. దీపాన్ని దానంగా కాకుండా పొదుపు లాగా నడిపే పద్ధతి ఇది.

కర్ణాటకలో 1995లో మొదలైన సెల్కో సంస్థ ఇంకో దారి చూపింది. పేదవాడికి సోలార్ దీపం కొనే తాహతు లేదని అందరూ అన్నారు. వాళ్ళు గ్రామీణ బ్యాంకులను ఒప్పించి, సంపాదన వచ్చే తీరును బట్టి వాయిదాలు పెట్టించారు. నెలకు 300 కట్టమంటే భారం, రోజుకు 10 కట్టమంటే అలవాటు. ఇది మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మన సంఘాలు పుట్టిందే ఈ లెక్క మీద.

మన తెలుగునేల మీద ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ కథ ఇంకా గొప్పది. ఆ ఆదివాసీ ఊళ్ళో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశాయి. ఆ నూనె డీజిల్‌కు బదులు పనికొస్తుంది, కాబట్టి ఆ మేరకు గాలిలోకి వెళ్ళే బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. 2003లో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో జరిపిన ఒక సమావేశం వల్ల అయిన కాలుష్యానికి బదులుగా, 147 టన్నుల కార్బన్ తగ్గింపుకు 645 డాలర్లు ఆ ఊరి మహిళలకు చెల్లించింది. సొమ్ము చిన్నదే. కానీ దాన్ని విరాళం అనరు. సరుకు ఇచ్చి తీసుకున్న ధర అది.

రాజస్థాన్ డుంగర్‌పూర్‌లో ఆదివాసీ మహిళా సమాఖ్యలు, ఐఐటీ బొంబాయి సాయంతో, ముందు సోలార్ దీపాలు బిగించడం నేర్చుకున్నాయి. తర్వాత సోలార్ పలకలు తయారుచేసే కంపెనీకి వాటాదారులయ్యాయి. ఆ కంపెనీ పేరు దుర్గా. ఇక మన దగ్గర 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య పెట్రోలు బంకు మొదలుపెట్టింది. ఒకప్పుడు కిరోసిన్ కోసం రేషన్ షాపు ముందు క్యూ కట్టినవాళ్ళే, ఇప్పుడు ఇంధనం అమ్మే చోట గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు.

2021లో వచ్చిన ఒక చిన్న నిబంధన

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2021 జనవరిలో సీఎస్సార్ నిబంధనలు మారాయి. వాటిలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి.

మొదటిది, కంపెనీ సొమ్ముతో పనులు అమలు చేసే సంస్థ కేంద్రం దగ్గర సీఎస్సార్-1 ఫారంతో నమోదు కావాలి. అది సెక్షన్ 8 కంపెనీగానో, రిజిస్టరైన ట్రస్టు లేదా సొసైటీగానో ఉండి, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ, 80జి నమోదు కలిగి ఉండాలి. మన సమాఖ్యల్లో చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. అందుకని కంపెనీ నుంచి నేరుగా డబ్బు తీసుకుని పని చేసే దారి మనకు ఇరుకు. మధ్యలో ఒక స్వచ్ఛంద సంస్థ వస్తుంది. మనం వాళ్ళు పిలిచిన మీటింగుకు వెళ్ళి సంతకం పెట్టే లబ్ధిదారులుగా మిగిలిపోతాం.

రెండోది దీనికి విరుగుడు లాంటిది. సీఎస్సార్ సొమ్ముతో ఏర్పడ్డ స్థిరాస్తి, యంత్రం, ప్లాంటు ఏదైనా కంపెనీ పేరున ఉండకూడదు. అది నమోదైన అమలు సంస్థ పేరున గానీ, ప్రభుత్వ సంస్థ పేరున గానీ, లేదా ఆ పని వల్ల మేలు పొందే స్వయం సహాయక సంఘాలు, సముదాయాల పేరున గానీ ఉండాలి. స్వయం సహాయక సంఘం అన్న మాట ఆ నిబంధనలోనే ఉంది. డబ్బు చేతికి తీసుకునే దారి ఇరుకైనా, ఆస్తికి యజమాని అయ్యే దారి చట్టమే తెరిచింది. సోలార్ డ్రయ్యరైనా, నీళ్ళ ప్లాంటైనా, పిండిమిల్లు మీద పెట్టిన సోలార్ పలకలైనా మన గ్రామ సంఘం పేరున రాయించుకోవచ్చు. అడిగినవాళ్ళకే అది దక్కుతుంది.

యజమాని అయితే బరువు కూడా మోయాలి. ఒక లెక్క చూద్దాం. సోలార్ పలక పాతికేళ్ళ దాకా పనిచేస్తుంది. బ్యాటరీ నాలుగైదేళ్ళకు మించి రాదు. ఉదాహరణకు బ్యాటరీ ఖరీదు 9,600 అనుకుని, నాలుగేళ్ళకు మార్చాలనుకుంటే, 48 నెలలకు నెలకు 200 పక్కన పెట్టాలి. 20 ఇళ్ళు వాడుకుంటే ఇంటికి నెలకు 10 రూపాయలు. ఇది పెద్ద మొత్తం కాదు. కానీ మొదటి నెల నుంచే విడిగా ఖాతాలో వేయకపోతే, నాలుగో ఏడు 9,600 ఎక్కడినుంచీ పుట్టదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అన్నది ఇందుకే.

మహాసభ ముందు పెడుతున్న మాట

ఈ చరిత్రంతా చదివాక మా కార్యవర్గానికి తోచిన ఐదు ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాం. ఏ కంపెనీ, ఏ ఫౌండేషన్ వచ్చినా, తీర్మానం రాసే ముందు ప్రతి గ్రామ సంఘం ఈ ఐదూ అడగాలని కోరుతున్నాం.

ఒకటి, ఈ పని మా ఊరికి కావాలని ఎవరు చెప్పారు? సంఘాల మీటింగులో చర్చ జరిగిందా?
రెండు, వస్తువు ఎవరి పేరున ఉంటుంది? మా సంఘం పేరున రాసిస్తారా?
మూడు, పాడైతే బాగుచేసేది ఎవరు? మాలో ఇద్దరికి ఆ పని నేర్పుతారా?
నాలుగు, నెల నెలా అయ్యే ఖర్చెంత? ఆ డబ్బు ఏ ఖాతాలో, ఎవరి సంతకాలతో?
ఐదు, మీరు వెళ్ళిపోయిన మూడేళ్ళ తర్వాత ఇది ఎలా నడుస్తుంది?

వీటికి జవాబులు కాగితం మీద రాకుండా ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టవద్దు. ఇలా అడిగితే ఇచ్చేవాళ్ళకు కోపం వస్తుందేమోనని కొందరు అక్కలకు భయం. నిజానికి పెద్ద మొత్తాలు ఖర్చు చేసే కంపెనీలు తమ పెద్ద ప్రాజెక్టుల ఫలితాలను బయటివాళ్ళతో లెక్కగట్టించాలని చట్టమే చెబుతోంది. మూడేళ్ళ తర్వాత కూడా నడిచే పని వాళ్ళకూ కావాలి. బ్యాంకు మేనేజరు ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు కూడా మనం ఇలాగే భయపడ్డాం. ఇవాళ అదే బ్యాంకు అప్పు ఇస్తామని మన మీటింగుకు వస్తోంది.

ఈ ప్రశ్నల కాగితాన్ని ఈ నివేదికతో పాటు ప్రతి గ్రామ సంఘానికీ పంపుతున్నాం. మినిట్స్ పుస్తకం అట్ట లోపలివైపు అతికించుకోండి. వచ్చే ఏడాది సంపుటిలో, ఏ ఊళ్ళో ఏ వస్తువు ఏ సంఘం పేరున నమోదైందో, దాని మరమ్మతు ఖాతాలో ఎంత ఉందో, పొదుపు లెక్కల పక్కనే ఒక పట్టికగా వేస్తాం.